బిల్లు వేసి చూశాకే మాట చెప్పాలి

2021 జూన్ 7న ఆదాయపన్ను శాఖ కొత్త వెబ్‌సైట్ మొదలైంది. మర్నాటికే ఫిర్యాదులు హోరెత్తాయి. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ దాన్ని తయారుచేసిన ఇన్ఫోసిస్‌నూ, ఆ సంస్థ సహవ్యవస్థాపకుడు నందన్ నీలేకనినీ ఉద్దేశించి ట్విట్టర్‌లో బహిరంగంగానే రాశారు. ఆ నెల 22న ఆ సంస్థతో జరిగిన సమావేశానికి ముందు, ఎదురవుతున్న ఇబ్బందులేమిటో రాసి పంపమని ప్రభుత్వం కోరింది. 700కు పైగా ఈమెయిళ్లు వచ్చాయి. వాటిలో ఏకరువు పెట్టిన సమస్యలు 2,000 దాటాయి. ఒకే ఇబ్బందిని పదిమంది చెప్పినవి కలిపేస్తే విడివిడిగా తేలినవి 90.

సైటు బాగుచేసే ఇంజనీర్ల చేతికి పనిగా అందేది ఆ తొంభై అంశాలే. అంత పెద్ద వ్యవస్థకు వందల ఈమెయిళ్లు వస్తాయి కాబట్టి వడపోయడానికి సరుకుంటుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక బిల్లింగ్ సర్వీసు మొదలుపెట్టి, ‘మా సైటు చూసి అభిప్రాయం చెప్పండి’ అని తెలిసినవాళ్లకు లింకు పంపితే ఆ భాగ్యం ఉండదు. ‘సూపర్ ఉంది’, ‘ఆల్ ద బెస్ట్’, ‘రంగు కాస్త మార్చండి’, ‘ఇలాంటివి బోలెడున్నాయి కదా’ అన్న నాలుగు రకాల జవాబులతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. వాటితో ఒక్క లోపం కూడా దిద్దుకోలేరు.

బిల్లింగ్ సైటులో పొరపాటు దొర్లితే అది దుకాణదారుడి గల్లాపెట్టెలోనో, పన్ను శాఖ నోటీసులోనో తేలుతుంది. కాబట్టి కొత్త బిల్లింగ్ సర్వీసు మీద పనికొచ్చే అభిప్రాయం ఎలా ఉండాలి, ఎవరు చెప్పాలి, ఏం చూసి చెప్పాలి, విన్నవాళ్లు ఏం చేయాలి అన్నవి గట్టిగా పట్టించుకోవాల్సిన ప్రశ్నలు.

సొంత అవసరం నుంచి పుట్టినవి

ఈ రంగంలో నిలబడ్డ కొన్ని పేర్లు సొంత ఇబ్బందిలోంచే పుట్టాయి. మిల్లులకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసే వ్యాపారి శ్యామ్ సుందర్ గోయెంకాకు తన లెక్కలు చూసుకోవడానికి తగిన సాఫ్ట్‌వేర్ దొరకలేదు. కొడుకు భరత్ గోయెంకాను రాయమన్నారు. 1986లో అలా మొదలైందే నేటి ట్యాలీ. ‘ట్యాలీ వచ్చి ఉండాలి’ అన్న మాట లేకుండా మన దగ్గర గుమాస్తా ఉద్యోగ ప్రకటన కనిపించడం అరుదు. కెనడాలోని టొరంటోలో చిన్న డిజైన్ సంస్థ నడిపే మైక్ మెక్‌డెర్మెంట్ 2003లో వర్డ్ ఫైలులో బిల్లు తయారుచేస్తూ, పొరపాటున పాత బిల్లు మీదే కొత్తది సేవ్ చేశారు. ఆ విసుగుతో సొంతంగా ప్రోగ్రాము రాసుకున్నారు. అదే ఫ్రెష్‌బుక్స్ అయింది.

ఈ రెండుచోట్లా సాఫ్ట్‌వేర్‌కు మొదటి విమర్శకుడు బిల్లు వేసేవాడే. ఇవాళ స్టార్టప్ పెట్టే యువకుల్లో చాలామందికి కోడ్ రాయడం బాగా వచ్చు గానీ, సాయంత్రం ఏడు గంటల రద్దీలో కౌంటర్ వెనక నిలబడ్డ అనుభవం ఉండదు. ఆ లోటు బయటివాళ్ల మాటతోనే తీరాలి.

మొదటి తెర దగ్గరే తిరిగిపోయేవాళ్లు

సైటు తెరవగానే మూడు సంగతులు తెలియాలి: ఇది ఏం చేస్తుంది, ఎవరి కోసం, ఎంత ఖర్చు. ‘మీ వ్యాపారాన్ని కొత్త శిఖరాలకు చేర్చే సమగ్ర వేదిక’ అని పైన పెద్దక్షరాల్లో రాస్తే కిరాణా కొట్టు యజమానికి అర్థమయ్యేది శూన్యం. ‘జీఎస్టీ బిల్లు వేయండి, వాట్సాప్‌లో పంపండి, బాకీలు చూసుకోండి’ అంటే అందులో తన పని కనిపిస్తుంది. తెర చూసినవాళ్లు సొంత మాటల్లో ‘ఇది ఫలానా పని చేస్తుందనుకున్నాను’ అని చెప్పడమే స్టార్టప్‌కు పెద్ద సాయం. ఆ మాట తయారుచేసినవాళ్ల ఉద్దేశంతో కలవకపోతే తప్పు తెరదే.

రెండో అడ్డంకి ముందే అకౌంటు తెరవమనడం. దీని మీద అమెరికా నిపుణుడు జేరెడ్ స్పూల్ చెప్పిన ఉదాహరణ ప్రసిద్ధం. ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోలు చివర ‘రిజిస్టర్’ బటన్ ఉండేది. దాన్ని తీసేసి ‘కొనసాగించండి’ అని పెట్టి, అకౌంటు తప్పనిసరి కాదని ఒక వాక్యం చేర్చారు. కొనుగోలు పూర్తిచేసినవాళ్లు 45 శాతం పెరిగారు. మొదటి ఏడాదిలో అదనంగా వచ్చిన అమ్మకాలు 30 కోట్ల డాలర్లు. బిల్లింగ్ సైట్లకూ ఇది వర్తిస్తుంది. ఫోన్ నంబరు, ఓటీపీ, జీఎస్టీ నమోదు సంఖ్య (జీఎస్టీఐఎన్) అన్నీ ఇచ్చాకే బిల్లు ఎలా ఉంటుందో చూపిస్తామంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. ముందు ఒక నమూనా బిల్లు వేసి చూసుకోనివ్వమని అడగడం న్యాయమైన సూచన.

బిల్లు వేస్తేనే బయటపడేవి

పైపైన తిరగేసి చెప్పే మాటకూ, కాసేపు కూర్చుని నాలుగు బిల్లులు వేసి చెప్పే మాటకూ పోలిక లేదు. ఏ బిల్లులు వేయాలన్న దాంట్లోనే నేర్పంతా ఉంది.

మొదట డిస్కౌంటు బిల్లు. వస్తువు ధర 1,000 రూపాయలు, డిస్కౌంటు 10 శాతం, జీఎస్టీ 18 శాతం. బిల్లు మీద చూపించిన డిస్కౌంటును ముందు తీసేసి, మిగిలినదానిపైనే పన్ను లెక్కగట్టాలన్నది చట్టం. 900 మీద పన్ను 162, మొత్తం 1,062. అలా కాకుండా వెయ్యి మీద 180 పన్ను వేసి, చివర్లో వంద తగ్గించే సాఫ్ట్‌వేర్ 1,080 చూపిస్తుంది. ఒక్క బిల్లులో తేడా 18 రూపాయలు. అలాంటివి రోజుకు వంద వేసే కొట్టులో 1,800. తెర ఎంత అందంగా ఉన్నా ఈ తప్పున్న సైటును ఎవరూ వాడకూడదు.

తర్వాత పొరుగు రాష్ట్రం బిల్లు. గుంటూరు వ్యాపారి అదే ఊళ్లో 18 శాతం పన్ను సరుకు అమ్మితే బిల్లులో సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 కనిపించాలి. అదే సరుకు ఖమ్మం వ్యాపారికి పంపితే ఐజీఎస్టీ 18 పడాలి. జీఎస్టీఐఎన్ పదిహేను అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రం కోడ్: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. కొనేవారి నంబరు కొట్టగానే సైటు రాష్ట్రాన్ని పసిగట్టి చూపాలి. గుమాస్తా గుర్తుపెట్టుకుని మార్చాల్సి వస్తే రద్దీలో ఏదో ఒకరోజు తప్పు పడుతుంది.

బిల్లు నంబరుకూ నియమముంది. అది వరుసగా నడవాలి, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు మించకూడదు. ఊరి పేరుకు మూడక్షరాలు, ఒక గీత, 2025-26, మరో గీత, ఆరంకెల సంఖ్య అని అందంగా పేర్చితే లెక్క 18కి చేరుతుంది. సైటు దాన్ని ఒప్పేసుకుంటే నియమం తయారీదార్ల దృష్టికి రాలేదన్నమాట. ‘పదహారు దాటినా ఆపలేదు’ అని ఎవరైనా రాసి పంపితే చిన్న మార్పుతో పోయే లోపమది.

నాలుగోది పాత తేదీ బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. తలనూనె, సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు వంటివి 18 నుంచి 5 శాతానికి దిగాయి. సెప్టెంబరు 20న అమ్మిన సబ్బుల బిల్లును ఇప్పుడు మళ్లీ ప్రింటు తీస్తే 18 శాతమే రావాలి. కొత్త రేటుతో వస్తే ఆ సాఫ్ట్‌వేర్ పాత లెక్కలను తిరగరాస్తోందని అర్థం. ఇంతకన్నా ప్రమాదం మరొకటి లేదు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో నమోదు కావాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వేసిన బిల్లును ఆనవాలు లేకుండా చెరిపేయనిచ్చే సైటు దానికి నిలబడదు.

చిన్న కొట్లకు ఇంకో పరీక్ష. జీఎస్టీలో చిన్న వ్యాపారుల కోసం పెట్టిన కాంపోజిషన్ పథకంలో ఉన్న వ్యాపారి కొనేవారి దగ్గర పన్ను వసూలు చేయకూడదు. అతను ఇవ్వాల్సింది ‘బిల్ ఆఫ్ సప్లయ్’. పన్ను వసూలుకు తనకు అర్హత లేదన్న వాక్యం దాని పైభాగాన ఉండాలి. ‘కాంపోజిషన్’ అని ఎంచుకున్నాక కూడా పన్ను గడి కనిపిస్తూంటే ఆ సంగతి వెంటనే చెప్పాలి. మరోవైపు, వార్షిక టర్నోవర్ 5 కోట్లు దాటిన సంస్థలు 2023 ఆగస్టు 1 నుంచి వ్యాపారుల మధ్య అమ్మకాలకు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే ఈ-ఇన్వాయిస్ తీయాలి. ఆ సదుపాయం లేకపోతే ఫలానా పరిమాణం దాకానే ఈ సేవ అని సైటు ముందే చెప్పాలి.

చట్టంతో పాటు వ్యాపారానికో తీరుంటుంది. మెడికల్ షాపులో పది మాత్రల స్ట్రిప్ నుంచి నాలుగు అడుగుతారు. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ బిల్లులో ఉండాలి. బంగారం కొట్టులో తరుగు, మజూరీ విడిగా చూపాలి. గుంటూరు మిర్చి యార్డులో సరుకు టిక్కీల్లో (బస్తాల్లో) లెక్కిస్తారు, ధర క్వింటాకు చెబుతారు. ఒకే గడిలో ‘పరిమాణం’, పక్కనే ‘ధర’ అని పెట్టి అందరికీ సరిపోతుందంటే ఎవరికీ సరిపోదు. తన వ్యాపారంలో మాత్రమే తెలిసే ఇలాంటి సంగతి ఒక్కటి చెప్పిన వ్యాపారి, డిజైన్ మీద పేజీలకొద్దీ రాసిన నిపుణుడికన్నా ఎక్కువ మేలు చేసినట్టు.

అంకెలు, అక్షరాలు

విదేశీ నమూనాలు చూసి కట్టిన సైట్లలో 1,25,000 రూపాయలు 125,000గా కనిపిస్తుంటాయి. లక్షల్లో చదివే కన్ను అక్కడ ఒక క్షణం తడబడుతుంది. చూడ్డానికి చిన్న లోపం, కానీ డబ్బు లెక్కలో తడబాటు నమ్మకాన్ని తినేస్తుంది.

తెలుగు విషయానికి వస్తే పరీక్ష తెర మీద ఆగకూడదు. ‘లక్ష్మీ ట్రేడర్స్’ అన్న పేరు తెర మీద చక్కగా ఉండి, పీడీఎఫ్‌లోకి రాగానే ఒత్తులు విడిపోయి, అక్షరాలు చెదిరి కనిపించడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. రెండంగుళాల థర్మల్ రోల్ మీదకు వచ్చేసరికి తెలుగంతా చదరపు డబ్బాలైపోవచ్చు, ఎందుకంటే ఆ ప్రింటర్లలో చాలావాటికి సొంతంగా తెలుగు ఫాంటు ఉండదు, అక్షరాలను బొమ్మగా మార్చి పంపాలి. అందుకే పీడీఎఫ్ తీసి, కాగితం మీద ప్రింటు వేసి, ఆ ఫొటో పంపినవాళ్ల అభిప్రాయానికి బరువెక్కువ.

తీసుకునే డబ్బు, వదిలే దారి

బిల్లింగ్ సర్వీసు తన బిల్లు ఎలా వేస్తుందో చూస్తే దాని నిజాయితీ తెలిసిపోతుంది. ఉచితం ఎన్నాళ్లు, తర్వాత నెలకెంత, జీఎస్టీ కలిపా విడిగానా, వద్దనుకుంటే ఎలా ఆపాలి అన్నవి రెండు క్లిక్కుల్లో దొరకాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న మోసపు డిజైన్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులోని 13 పద్ధతుల జాబితాలో చందా ఉచ్చు ఉంది, చివర్లో ఖర్చులు ఒక్కొక్కటిగా బయటపెట్టడం ఉంది, సాఫ్ట్‌వేర్ చందాల పేరుతో తెలియకుండా డబ్బు లాగే ‘సాస్ బిల్లింగ్’ కూడా ఉంది. వినియోగదారుల కోసం రాసినదే అయినా, సైటును తూచడానికి ఆ జాబితా మంచి తక్కెడ.

అన్నిటికన్నా గట్టిగా అడగాల్సిన ప్రశ్న మరొకటుంది. రేపు ఈ స్టార్టప్ మూతపడితే బిల్లులేమవుతాయి? ఖాతాదారుల జాబితా, సరుకు వివరాలు, పాత బిల్లులు ఎక్సెల్‌లోకి దించుకునే బటన్ ఉందా? కొత్త కంపెనీని ఈ మాట అడగడం అపశకునమని మొహమాటపడనక్కర్లేదు. ఆ బటన్ ఉన్న సైటు మీద వ్యాపారికి ధైర్యం కలుగుతుంది, అది స్టార్టప్‌కే లాభం.

భద్రతా లోపం కనబడితే మాత్రం పద్ధతి వేరు. బ్రౌజర్ చిరునామాలో బిల్లు నంబరు మార్చగానే ఇంకో దుకాణం బిల్లు తెరుచుకుంటే, దాన్ని పదిమందిలో పెట్టకుండా ముందు ఆ సంస్థకు నేరుగా తెలపాలి. వాళ్లు కదలకపోతే దేశంలో ఇలాంటివి చూసే సెర్ట్-ఇన్ ఉంది. పరీక్షించేటప్పుడు నిజమైన ఖాతాదారుల పేర్లూ ఫోన్ నంబర్లూ వాడకపోవడం, స్క్రీన్‌షాట్లలో అవి కనపడకుండా చూసుకోవడం చెప్పేవారి బాధ్యత.

ఎవరి మాట, ఎంతమంది మాట

డెన్మార్క్‌కు చెందిన యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంలో, ఐదుగురు వాడుతుండగా గమనిస్తే ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని లెక్క చెప్పారు. పదిహేనుమందితో ఒకేసారి పెద్ద పరీక్ష పెట్టేకన్నా, ఐదుగురితో చూసి, దిద్ది, మళ్లీ ఐదుగురితో చూడటం మేలన్నది ఆయన వాదన. చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి అందులోనే ఉంది. వాడేవాళ్లు వేర్వేరు రకాలైతే ప్రతి రకం నుంచీ కొందరిని విడిగా చూడాలి. బిల్లింగ్‌లో ఇది మరీ ముఖ్యం. కౌంటర్ దగ్గరి గుమాస్తాకు వేగం కావాలి, యజమానికి సాయంత్రం గల్లా లెక్క కావాలి, ఆడిటర్‌కు నెలాఖరున రిటర్నుకు పనికొచ్చే పట్టిక కావాలి.

బంధుమిత్రుల మెప్పును ఎంత నమ్మవచ్చన్న దానిపై రాబ్ ఫిట్జ్‌పాట్రిక్ 2013లో ‘ద మామ్ టెస్ట్’ అన్న పుస్తకమే రాశారు. ఆలోచన బాగుందా అని అడిగితే అమ్మ కూడా బాగుందనే అంటుంది కాబట్టి, ఎదుటివారు ఇప్పటిదాకా ఏం చేశారో అడగాలన్నది దాని సారం. తెలుగువాళ్ల మొహమాటానికి ఈ సలహా అతికినట్టు సరిపోతుంది. ‘మా సైటు ఎలా ఉంది?’ అన్న ప్రశ్నకు మర్యాద జవాబుగా వస్తుంది. ‘నిన్న చివరి బిల్లు ఎలా వేశారు? ఎక్కడ ఆలస్యమైంది?’ అని అడిగితే సమాచారం వస్తుంది.

నిపుణులూ పొరబడతారు. 2007 ఏప్రిల్‌లో, ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే సేవ డ్రాప్‌బాక్స్‌ను మొదటిసారి సాంకేతిక నిపుణుల ముందు పెట్టినప్పుడు, ఉన్న పరికరాలతోనే లైనక్స్‌లో ఇలాంటిది ఎవరికివారు సులువుగా చేసుకోవచ్చని ఒకరు రాశారు. ఆయన వెటకారంగా రాయలేదు, సాయపడాలనే రాశారు. తనకు తేలికైన పని లక్షలమందికి చేతకాదన్న సంగతి మాత్రం ఆయన తూకంలోకి రాలేదు. 2018లో డ్రాప్‌బాక్స్ స్టాక్ మార్కెట్‌కెక్కింది. ‘ఇదంతా ఎక్సెల్‌లో చేసుకోవచ్చు కదా’ అని బిల్లింగ్ సైటును కొట్టిపారేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన ఉదంతమిది.

చెప్పే తీరు

‘మీ సైటు అస్సలు పనిచేయట్లేదు’ అన్న వాక్యం తయారుచేసినవాళ్లను నొప్పిస్తుంది, దారి మాత్రం చూపదు. దాన్నే ఇలా రాయవచ్చు: ‘ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్‌లో తెరిచాను. మూడు వస్తువులతో బిల్లు వేశాను. రెండో వస్తువుకు 10 శాతం డిస్కౌంటు పెట్టి సేవ్ నొక్కాను. బిల్లు సేవ్ అవుతుందనుకుంటే తెర తెల్లబడింది. వెనక్కి వచ్చి చూస్తే బిల్లు లేదు, కానీ నంబరు ఒకటి ముందుకు జరిగింది. రెండుసార్లు చేసినా ఇదే.’ ఇందులో నింద లేదు, పొగడ్తా లేదు. ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది అన్నవి ఉన్నాయి. ఇంజనీరు దీన్ని పట్టుకుని వెంటనే పనిలో దిగగలడు. పైగా నంబరు జరిగిందన్న చివరి ముక్క ఇంకో పెద్ద లోపాన్ని పట్టిస్తోంది: బిల్లుల వరుసలో ఖాళీ పడుతోంది.

బరువును బట్టి వరుస పెట్టడం కూడా అవసరమే. పన్ను లెక్క తప్పు, డేటా పోవడం, భద్రత ముందు రావాలి. పని ఆపేసేవి తర్వాత. విసిగించేవి ఆ తర్వాత. రంగులూ లోగోలూ చివరన. బాగున్నవాటిని పేరుపెట్టి చెప్పడం మర్యాద కోసం మాత్రమే కాదు. ‘బార్‌కోడ్ స్కాన్ ఒక్క దెబ్బకు పట్టింది, దాన్ని కదపకండి’ అని చెప్పకపోతే వచ్చే మార్పుల్లో అదే పోవచ్చు.

వినే తీరు

అడిగేవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ స్ట్రైప్ తొలినాళ్లలో ఎవరైనా వాడతామంటే లింకు పంపి ఊరుకోకుండా, దాన్ని స్థాపించిన కాలిసన్ సోదరులు అక్కడికక్కడే వాళ్ల ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని పెట్టి ఇచ్చేవారని స్టార్టప్ పెట్టుబడిదారు పాల్ గ్రాహమ్ 2013 నాటి వ్యాసంలో రాశారు. బిల్లింగ్ స్టార్టప్‌లకు ఇంతకన్నా మంచి బడి లేదు. కొట్టులో పక్కన నిలబడి, నోరు మెదపకుండా, గుమాస్తా వేలు ఎక్కడ ఆగుతోందో చూస్తే చాలు.

ఫ్రెష్‌బుక్స్ ఇంకా దూరం వెళ్లింది. పాత ఉత్పత్తిని పూర్తిగా తిరగరాయాలనుకున్నప్పుడు, తమ పేరు మీదున్న అభిమానం అభిప్రాయాలను ప్రభావితం చేస్తుందని మెక్‌డెర్మెంట్ భయపడ్డారు. బిల్‌స్ప్రింగ్ అన్న వేరే పేరుతో, వేరే లోగోతో ఒక పోటీ కంపెనీనే గుట్టుగా పెట్టి కొత్త సాఫ్ట్‌వేర్‌ను జనం ముందుంచారు. కొన్నాళ్లకు ఒక ఖాతాదారు ఫ్రెష్‌బుక్స్‌కు ఫోన్ చేసి చందా మానేస్తున్నానన్నారు. బిల్‌స్ప్రింగ్‌కు మారుతున్నారట. పేరూ పలుకుబడీ పక్కనపెట్టి సంపాదించిన ఆ తీర్పు మీద నమ్మకంతోనే 2016లో కొత్త ఫ్రెష్‌బుక్స్ బయటికొచ్చింది.

అంత ఖర్చు ప్రతి స్టార్టప్‌కూ సాధ్యం కాదు. సాధ్యమైనవి కొన్నున్నాయి. ప్రతి సూచనకూ జవాబివ్వాలి. ఒప్పుకోనిదానికి కారణం చెప్పాలి. దిద్దిన తర్వాత ఆ సూచన పంపినవారికే మొదట తెలియజేయాలి. సమర్థించుకుంటూ వాదనకు దిగిన రోజున మాట చెప్పేవాళ్లు తగ్గిపోతారు. అడిగినవన్నీ చేర్చుకుంటూ పోవడం కూడా తప్పే, ఒకరి కోసం పెట్టిన గడి తొంభైమందికి అడ్డమవుతుంది.

జీఎస్టీ వచ్చిన 2017 జూలై 1 నుంచి కంప్యూటర్ బిల్లు చిన్న ఊళ్ల కొట్లలోకీ నడిచొచ్చింది. ఆ అవసరాన్ని తీర్చే సాఫ్ట్‌వేర్ మన వ్యాపారాల తీరు తెలిసి, మన భాషలో, సరైన లెక్కతో రావాలంటే చెప్పాల్సినవాళ్లు దుకాణదారులూ గుమాస్తాలూ ఆడిటర్లూ పన్ను సలహాదారులే. ఈసారి ఏ కొత్త బిల్లింగ్ సైటు లింకు చేతికొచ్చినా ‘బాగుంది’ అని పంపేసి ఊరుకోకండి. డిస్కౌంటుతో ఒకటి, పొరుగు రాష్ట్రానికి ఒకటి, పాత తేదీతో ఒకటి, మూడు బిల్లులు వేయండి. ప్రింటు తీయండి. ఆగిన చోటు రాసి పంపండి.